పెద్దమ్మ చేతి మాత్ర

మా పెద్దమ్మకి ఒకరి మీద ఏడుపు రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఎదురింటి దర్జీ భార్యకి పడుకోగానే నిద్ర పడుతుందని తెలిసి, పెట్టిపుట్టింది మహాతల్లి అని చాలాకాలం సణిగిన మనిషి. ఒకసారి మా అమ్మకి జ్వరం తగిలితే డాక్టరు ఇంటికే వచ్చి చూసి వెళ్ళాడు. ఆ సాయంత్రమే పెద్దమ్మ గుమ్మంలో కూలబడి, పోయినేడు తనకొచ్చిన జ్వరం ఇంతకంటే పెద్దదని, అప్పుడు ఏ డాక్టరూ ఈ గడప తొక్కలేదని, తన ఒళ్ళు తానే కూడదీసుకుని లేచి పొయ్యి వెలిగించుకుందని ఏకరువు పెట్టింది. జ్వరంలో కూడా పోటీయేనా వదినా అని మా నాన్న నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అమ్మకి జావ కలిపి స్పూనుతో తాగిస్తూ, అంతసేపూ నిజంగానే కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది.

పెద్దమ్మంటే మా నాన్నకి అన్నగారి భార్య. మాది ఉమ్మడి కాపురం, మూలికల మందుల ఇల్లు. వీధి వైపు దుకాణం, దాని వెనక మందు గది, మేడ మీద వాళ్ళ గదులూ మా గదులూ. ఇంతమందికీ తిండి పెట్టేది తాత చేసిన ఒక్క దగ్గు మాత్ర. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, అతిమధురం ఎండబెట్టి దంచాలి, పల్చటి బట్టలో జల్లించాలి, తేనె పోసి ముద్ద చెయ్యాలి, శనగగింజంత ఉండలు చుట్టి నీడన ఆరబెట్టాలి. చెప్పుకుంటే ఇంతే, చేస్తే తెలుస్తుంది. ముద్ద జారైతే మాత్ర చదునైపోతుంది, గట్టిపడితే ఆరేటప్పుడు పగులుతుంది. పెదనాన్న సరుకు కొనుక్కొస్తాడు, నాన్న దుకాణాలకి సీసాలు వేసొస్తాడు, చుట్టేది మాత్రం ఇద్దరు కోడళ్ళే. నేను సీసాలు నింపి లేబుళ్ళు అంటిస్తాను. అందుకని ఆ గదిలో ఎవరు ఎవర్ని ఏ కంటితో చూశారో నాకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు. ముందే చెప్పేస్తున్నా, నేను మా అమ్మ కూతుర్ని, ఆవిడ వైపే మాట్లాడతాను. మధ్యస్తంగా చెప్పేవాళ్ళు కావాలంటే ఇంకెవర్నయినా వెతుక్కోండి.

పెద్దమ్మ ఈ ఇంటికి కొత్త కోడలిగా వచ్చేనాటికి ఆవిడకి శొంఠికీ పసుపుకొమ్ముకీ తేడా తెలియదట. పుట్టింట్లో బట్టల మిల్లు తప్ప మరో లోకం లేదు. వచ్చిన కొత్తలోనే తాత ఒక పళ్ళెంలో ముద్ద పెట్టి ముందుకు తోశాడట, చుట్టు అని. ఎలా చుట్టాలో చెప్పలేదు. చుట్టినవన్నీ చూసి, ఒక్కటి తీసి రెండువేళ్ళ మధ్య దొర్లించి, పళ్ళెంలో పడేసి, అంతా తీసుకెళ్ళి మళ్ళీ ముద్ద చేశాడట. అలా ఆ ఏడాదంతా ఆవిడ చుట్టడం, ఆయన మళ్ళీ ముద్ద చెయ్యడం. తర్వాత ఒకరోజు ముద్ద చెయ్యకుండా "ఊఁ" అని ఊరుకున్నాడు. ఆ ఊఁ గురించి పెద్దమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో, విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. పెళ్ళి గురించి కూడా అంత ముచ్చటగా చెప్పుకోలేదు ఆవిడ.

మా తాత అంతే. ఆయన నోట మంచిమాట రావడమంటే గగనమే. కూర బాగుంటే మాట్లాడకుండా తింటాడు, బాగాలేకపోతే మాట్లాడి తింటాడు. రోజూ పొద్దున పళ్ళాల దగ్గరికి వచ్చి ఒక మాత్ర తీస్తాడు, దొర్లిస్తాడు, ఊఁ అంటాడు, వెళ్ళిపోతాడు. ఆ ఒక్క అక్షరం కోసం పెద్దమ్మ ప్రాణం అక్కడ పెట్టుకుని ఉండేది. ఆయన గది దాటాక నా మోచెయ్యి గిల్లి, ఇవాళ కొంచెం సాగదీసి అన్నారు కదే అని అడిగేది. సాగదీయడమూ లేదు, గీయడమూ లేదు, గొంతులో కఫం అడ్డం పడిందంతే అని నేను అంటే, నీకేం తెలుసు, నువ్వు మీ అమ్మ కూతురివి అని మూతి తిప్పుకునేది. నిజం చెప్పొద్దూ, చుట్టడంలో మాత్రం ఆవిడని చూడాల్సిందే. పొట్టివేళ్ళు, మందపాటి అరచెయ్యి. ముద్దలోంచి గిల్లడం, తిప్పడం, వదలడం, ఆ మూడు పనులూ కళ్ళు మూసుకుని చేసేది. మాత్రలన్నీ ఒక్క పోలిక. నాకెప్పుడూ ఆ చెయ్యి చూస్తే ఒళ్ళు మండేది. మా అమ్మకి ఎందుకు లేదు ఆ చెయ్యి అని.

మా అమ్మది వేరే కథ. డిగ్రీ చదివి వచ్చిన కోడలు. పొడుగువేళ్ళు, చదువుకున్న మాట. తాతకి కంటిచూపు మందగిస్తోంది, అమ్మ పేపరు చదివి పెట్టేది. కొత్త మూలిక ఏదైనా వస్తే దాని గుణమేంటో పుస్తకంలో చూసి చెప్పేది. తాత ఆవిడని చిన్నమ్మాయ్ అని పిలిచేవాడు. పెద్దమ్మని ఇన్నేళ్ళలో ఏమ్మా అనడమే గానీ, ఒక పిలుపంటూ లేదు. వీధిలో పోయే కూరలమ్మేదాన్నీ ఏమ్మా అనే పిలుస్తారు, నన్నూ అదే పిలుస్తారు, పెద్దమ్మాయ్ అంటే ఆయన నోటిముత్యాలు రాలిపోతాయా అని పెద్దమ్మ వంటింట్లో గిన్నెలకి చెప్పుకునేది. అమ్మ విన్నా వినన‌ట్టే ఉండేది. పాపం, అమ్మకి అసూయ అనేది ఎలా ఉంటుందో తెలియదు అనుకునేదాన్ని నేను. దేవుడు ఆ వాటా కూడా పెద్దమ్మకే ఇచ్చేశాడనుకున్నాను.

ఇలా నడుస్తుండగా సర్కారు వారి కొత్త రూలు వచ్చింది. ఆకులతో, వేళ్ళతో చేసే మందులకి కూడా ఇకనుంచి లైసెన్సు ఉండాలి. మందు గది వేరుగా, గోడలకి పలకలతో, కొళాయితో ఉండాలి. చేసేవాళ్ళు తలకి టోపీ పెట్టుకోవాలి. మందులో పడేది ప్రతిదీ, చిటికెడైనా సరే, సీసా మీద రాయాలి. రాయంది పడితే నేరం. ఇవన్నీ చెప్పడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు దగ్గర ఎప్పుడూ లక్క, ముద్ర ఉండేవి. అనుమానమొస్తే సీసా తీసి గుడ్డలో కట్టి సీలు వేసి లాబొరేటరీకి పంపేవాడు. మేమంతా ఆయన్ని సీలుసారు అనేవాళ్ళం. మనిషి మంచివాడే, నవ్వడమొక్కటే రాదు.

సీలుసారు చెప్పిన రూళ్ళలో ఒకటి మా కొంప ముంచింది. మందుకి జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషి పేరు ప్రతి సీసా మీదా వెయ్యాలి. చదువున్నవాళ్ళయినా సరే, చదువు లేకపోయినా ఏళ్ళతరబడి ఆ పని చేసినవాళ్ళయినా సరే. తాత తన పేరు వద్దన్నాడు, చూపు ఆనడం లేదని. అప్పుడు మందు గదిలో అందరమూ ఉన్నాం. పెద్దమ్మ చేతిలో జల్లెడ పట్టుకుని నిలబడి ఉంది. ఆ క్షణంలో ఆవిడ మొహం నాకు ఇప్పటికీ గుర్తే. పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లకి కూడా అంత ఆశ ఉండదు. పైగా అనుభవమున్న మనిషి అనే మాట సీలుసారు ఆవిడ వైపు చూసే అన్నాడు.

తాత తడుముకోకుండా చెప్పేశాడు. "చిన్నమ్మాయి పేరు రాయండి."

అమ్మ వెంటనే అడ్డుపడింది, అక్కయ్య ఉండగా నేనేంటి మామయ్యా అని. ఆఫీసువాళ్ళు అడిగితే నిలబడి జవాబు చెప్పాలి, కాగితాలు చదవాలి, నువ్వే ఉండు అని ఆయన కర్ర అందుకుని లేచాడు. పెద్దమ్మని ఒక్క మాట అడగలేదు. నువ్వేమంటావు అని కూడా అనలేదు. పెద్దమ్మ జల్లెడ అలాగే పట్టుకుని మేడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. పిండి మెట్ల నిండా రాలింది. నేను తుడుస్తూ పోయాను.

ఆ మాటకొస్తే తాత చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. కానీ పెద్దమ్మకి అది వేరేలా వినిపించింది. నీ చెయ్యి పనికిరాదు అన్నట్టు వినిపించింది. అప్పటిదాకా ఇద్దరూ చుట్టిన మాత్రలు కలిపే సీసాల్లో పోసేదాన్ని, ఎవరివి ఎవరివో ఎవరూ అడిగింది లేదు. ఇప్పుడు ఆ కలిపిన మాత్రల మీద ఒకరి పేరే పడింది. నేను చుట్టిందానికి కూడా దాని పేరేనా అని ఆవిడ కడుపుమంట. అప్పట్నుంచి తన పళ్ళెం మాత్రలు అమ్మవాటితో కలపనివ్వకుండా వేరే సీసాల్లో పోయించేది. ఆ లేబులు వైపు జన్మలో చూడనని ఒట్టు పెట్టుకుంది. నిజంగానే చూడలేదు. సీసా ఎత్తాల్సి వస్తే లేబులు అవతలికి తిప్పి ఎత్తేది. నేను అంటిస్తుంటే మొహం గోడకి పెట్టుకునేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఏం చేస్తాం.

రూలు ప్రకారం పలకలూ కొళాయీ పెట్టించిన కొత్త గదిలో మాకు మొదటి తంటా వాన వల్ల వచ్చింది. ముసురు పట్టినప్పుడు మాత్రలు ఆరవు, సీసాలో ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. అందుకే చుట్టేటప్పుడు అరచేతికి శొంఠిపొడి అద్దుకోవడం మొదటినుంచీ మా ఇంటి అలవాటు. అమ్మ చెయ్యి మెత్తన, శొంఠి ఘాటుకి బొబ్బలెక్కేది. అమ్మ సీలుసారుని అడిగి, బదులుగా పిల్లలకి జావ కాచే పాలగుండ పొడి వాడుకోవచ్చని రూఢి చేసుకుని, లేబుల్ మీద చివరి వరసలో పాలగుండ అని అచ్చు వేయించింది. అక్కయ్యా, చేతికి అద్దుకునే పొడి మార్చాను, లేబుల్ మీద వేయించాను అని పెద్దమ్మతో చెప్పబోయింది కూడా. పెద్దమ్మ సగం వినే లేచి వెళ్ళిపోయింది. "నీ లేబులు నువ్వే చదువుకో తల్లీ, నాకెందుకు?"

ఇక్కడే వచ్చింది చావు. అమ్మ ఆ పాలగుండని ఖాళీ అయిన ఒక పౌడరు డబ్బాలో పోసుకుంది. ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా, పైన చిల్లుల మూత, చేతిలోకి దులుపుకోవడానికి వీలుగా ఉంటుందని. శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, పక్కన పాలగుండ అని చీటీ అంటించింది. ఆ చీటీ ఉన్న వైపు అమ్మ వైపుకి ఉండేది. ఎదురు పీట మీద కూర్చున్న పెద్దమ్మకి కనపడేది పౌడరు డబ్బాయే.

ఒకరోజు తాత అమ్మ పళ్ళెంలోంచి నింపిన సీసా చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఆడించాడు. గలగలమంది. "ఊఁ. అంటుకోవడం లేదే," అన్నాడు. ఊఁ తర్వాత ఇంకో మాట. అదీ పెద్దమ్మ ఎదురుగా. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి దక్కని రెండో మాట మా అమ్మకి దక్కింది. పెద్దమ్మ చెయ్యి ముద్దలో అలాగే ఆగిపోయింది. నాకైతే కడుపు నిండినట్టయింది. దాచుకోవడమెందుకు, నేను పళ్ళెం సర్దుతున్నట్టు నటిస్తూ ఆవిడ మొహమే చూశాను.

ఆ మర్నాటికల్లా పెద్దమ్మ బజారుకి వెళ్ళి కొత్త పౌడరు డబ్బా కొనుక్కొచ్చింది. చెల్లెలు మామూలు పౌడరు వాడితే అక్క ఖరీదైనది వాడొద్దూ మరి. గులాబీ వాసనది, గులాబీ రంగు డబ్బా. పీట కింద గుడ్డలో చుట్టి దాచుకుని, ఎవరూ చూడకుండా అరచేతికి అద్దుకుని చుట్టడం మొదలుపెట్టింది. ఆవిడ ఉద్దేశం ఒక్కటే, ఓహో ఇదా నీ కిటుకు, నాకు చెప్పకుండా దాచుకున్నావు కదూ, చూడు ఇప్పుడు అని. మిరియాల ఘాటు కమ్మేసిన ఆ గదిలో గులాబీలేం తెలుస్తాయి, మల్లెలేం తెలుస్తాయి. పెద్దమ్మ మాత్రలు నున్నగా, తళతళలాడుతూ వచ్చాయి. తాత దొర్లించి చూసి ఊఁ అన్నాడు. అంతే అన్నాడు. రెండో మాట రాలేదు.

వానలు తగ్గాక సీలుసారు వచ్చి దుకాణం అరల్లోంచి తన ఇష్టమొచ్చిన సీసాలు తీసుకుని, గుడ్డ కట్టి, లక్క కరిగించి సీలు వేసి పట్టుకెళ్ళాడు. కొన్నాళ్ళకి అమ్మ పేరు మీద నోటీసు వచ్చింది. భోజనాల దగ్గర అమ్మ చదివి వినిపించింది. మాత్రల్లో లేబుల్ మీద రాయని రాతిపొడి, అత్తరు దొరికాయి, చూడబోతే ముఖానికి రాసుకునే పౌడరులా ఉంది, సంజాయిషీ చెప్పుకోవడానికి యజమాని, జవాబుదారు, మందు చేసేవాళ్ళు ఆఫీసుకి రావాలి, అప్పటిదాకా అమ్మకం ఆపాలి. మందులో పౌడరేంటి అని నాన్న నవ్వబోయి ఆగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పెద్దమ్మ రెండు అరచేతులూ చీరకేసి తుడుచుకుంది. అది నేను చూశాను. అమ్మా చూసింది.

నేను తిన్నగా మందు గదికి పోయి పీట కింద చెయ్యి పెట్టాను. గుడ్డ, గుడ్డలో గులాబీ డబ్బా. పట్టుకుని పైకొచ్చి అందరి ముందూ పెట్టేద్దామనుకుంటే, మెట్ల మీదే అమ్మ ఎదురై నా మణికట్టు పట్టుకుంది. అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు. డబ్బా లాక్కుని కొంగులో దాచేసింది. పెద్దమ్మ చేసిన పనికి నీ పేరు పోతుందమ్మా అని నేను ఏడుస్తూ గొడవ చేశాను.

"పోతే నా పేరే పోతుంది. పొరపాటని చెప్పుకుంటే నాకు మందలింపుతో సరిపెడతారు. అక్కయ్య సొంతంగా తెచ్చి కలిపిందంటే ఇక ఆ గదిలోకి రానివ్వరు. మాత్రలు చుట్టొద్దంటే ఆవిడకి ఇంకేముంది? నువ్వు నోరు మూసుకో," అంది అమ్మ.

నాకు ఎంత కుళ్ళు పుట్టిందో చెప్పలేను. కన్నకూతుర్ని నేను, నా కోసం అమ్మ ఎవరి దగ్గరా ఒక్క అబద్ధం చెప్పిన పాపాన పోలేదు. బడికి ఆలస్యమైతే నిజం చెప్పి దెబ్బలు తినమనేది. అలాంటిది, తనని చూసి రోజూ ఏడ్చే మనిషి కోసం అబద్ధానికి సిద్ధపడింది. నాన్న పాపం దుకాణం దుకాణానికీ తిరిగి సీసాలన్నీ వెనక్కి తెచ్చాడు. ఒక ముసలావిడైతే ఇచ్చేది లేదని కూర్చుందట. ఈసారి మాత్ర వేసుకుంటే దగ్గు పోవడమే కాదు, పెళ్ళికి వెళ్తున్నట్టుంది నాయనా అందట.

ఆఫీసుకి తాత, అమ్మ, పెద్దమ్మ వెళ్ళారు. తాతని నడిపించుకు వెళ్ళడానికి నేను. పొడుగాటి గది, గోడ వెంట సీలు వేసిన మూటల అరలు, నెమ్మదిగా తిరిగే ఫ్యాను. సీలుసారు బల్ల మీద మా సీసా మాత్రలు ఒక తెల్లటి పళ్ళెంలో పోసి ఉన్నాయి. అమ్మ ముందు అనుకున్నట్టే చెప్పింది. పాలగుండ పోసుకోవడానికి పాత పౌడరు డబ్బా వాడానని, అడుగున పాత పౌడరు మిగిలిపోయి ఉంటుందని, చూసుకోకపోవడం తన పొరపాటని, ఇకమీదట డబ్బా మారుస్తానని. సీలుసారు రాసుకుంటూ తల ఊపాడు. మందలింపుతో వదిలేసేలాగే ఉన్నాడు. పెద్దమ్మ బెంచీ చివర ఒదిగి కూర్చుని నేల చూస్తోంది. బతికిపోయింది అనుకున్నాను.

అక్కడితో ఆపి ఉంటే అయిపోయేది. కానీ సీలుసారు రిపోర్టు రెండో పేజీ తిప్పాడు. పౌడరు సంగతి పక్కన పెడితే, మందు మాత్రం లేబుల్ మీద రాసినంతా ఉందన్నాడు. మాత్రలన్నీ ఒకే తూకం వచ్చాయట, ఒకే కొలత వచ్చాయట. లాబొరేటరీవాళ్ళు ఇవి యంత్రం మీద చేసినవేమోనని అనుమానపడి రాశారట, మీకు యంత్రం ఉందా అని అడిగాడు.

లేదండీ, చేత్తో చుట్టినవే, నేనే చుట్టాను అంది అమ్మ. వేరే ఏమంటుంది. పౌడరు తనదంటే మాత్రా తనదే అనాలి కదా.

సీలుసారు మొదటిసారి నవ్వాడు. "మంచి చెయ్యి అమ్మా మీది."

పెద్దమ్మ లేచి నిలబడింది. కూర్చో అక్కయ్యా అని అమ్మ కొంగు పట్టి లాగింది. ఆవిడ విదిలించుకుంది. మొహం ఎర్రబారిపోయింది. భయంతో కాదు, నాకు తెలుసు, ఆ ఎరుపు నేను రోజూ చూసేదే.

"అబద్ధమండీ. అవి నావి. ప్రతి మాత్రా నాదే. పౌడరూ నేనే అద్దాను, బజారుకెళ్ళి నేనే కొనుక్కొచ్చాను. దానికేం తెలియదు. పేరెలాగూ దానిదే వేసుకున్నారు, మెప్పూ దానికే ఇస్తారా? ఆఖరికి తప్పు కూడా దానికేనా?"

సీలుసారు కలం ఆపేశాడు. ఇలాంటి గదుల్లో ఎవరికి వాళ్ళు నాది కాదంటే నాది కాదని పారిపోవడమే ఆయనకి తెలుసు. అమ్మ నావే అంటుంది, పెద్దమ్మ నావంటుంది. ఒకరు అబద్ధమాడుతున్నారని ఆయనకి అర్థమైంది, ఎవరో అర్థం కాలేదు. పెద్దమ్మకి అప్పటికైనా బుద్ధి ఉంటే పొరపాటు పడ్డానండీ అని కూర్చోవచ్చు. కూర్చోలేదు. అప్పుడాయన తెల్లపళ్ళెం తాత ముందుకి జరిపాడు. ఇవి ఎవరి చేతివో మీరు చెప్పండి పెద్దాయనా, తప్పు చెబితే లైసెన్సే పోతుంది అన్నాడు.

తాతకి మాత్రలు కనపడి ఉండవు. తడుముకుని ఒకటి తీశాడు. రెండువేళ్ళ మధ్య దొర్లించాడు. పళ్ళెంలో పడేసి ఇంకోటి తీశాడు. అమ్మ ఆయన వైపే చూస్తూ మామయ్యా అంది మెల్లగా, బతిమాలుతున్నట్టు. ఆయన విన్నాడో లేదో నాకు తెలియదు. మనుషుల గురించి ఆయన ఎన్ని అబద్ధాలైనా ఆడేవాడేమో గానీ, మాత్ర వేళ్ళ మధ్య ఉన్నప్పుడు ఆయనకి లోకం పట్టదు.

"పెద్దమ్మాయివి," అన్నాడు. "చిన్నదానికి ఈ గుండ్రం రాదు. నేర్పినా రాదు. నేను చుట్టిన రోజుల్లో నాకూ రాలేదు."

సీలుసారు రాయడం మొదలుపెట్టాడు. లేబుల్ మీద లేనిది తెచ్చి కలిపినందుకు ఆవిడ ఈ లైసెన్సు కింద ఇక మందు చెయ్యకూడదు, మందు గదిలోకి రాకూడదు. జవాబుదారుకి మందలింపు. దుకాణం నడుపుకోవచ్చు. రాసింది చదివి వినిపించి, పెద్దమ్మని మీరేమైనా చెప్పుకోవాలా అని అడిగాడు. ఆవిడ కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. నాకు ఆ క్షణంలో జాలేసింది, ఏం చేసుకున్నావు పెద్దమ్మా అని.

"ఆయనన్న మాట ఇంకోసారి అనమనండి," అంది పెద్దమ్మ.

తాత అనలేదు. ఇంటికి పోదాం పద అని నా భుజం పట్టుకున్నాడు. అయినా పెద్దమ్మకి లోటేమీ కనపడలేదు. బస్సులో కిటికీ పక్క సీటు తనే తీసుకుని, తాతని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయనకి గాలి తగలకుండా అద్దం జరిపి, దారి పొడుగునా ఏదో కూనిరాగం తీసింది. మర్నాటినుంచి చెయ్యడానికి పని లేని మనిషి. ఏ గది కోసం ఇన్నేళ్ళు ఏడ్చిందో ఆ గది తలుపు మూసుకున్న మనిషి. పేరంటానికి వెళ్ళొస్తున్నట్టు కూర్చుంది.

వెనక సీట్లో నేనూ అమ్మా. లైసెన్సు నిలబడింది, సీసా మీద పేరు నిలబడింది, అక్కయ్య కోసం చెయ్యాల్సిందంతా చేసింది. ఇక అమ్మకి దిగులెందుకు అనుకున్నాను. అమ్మ రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటి వైపే చూస్తోంది. నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"నా మాత్రలు గుండ్రంగా ఉండవా?"

ఎందుకుండవమ్మా, గుండ్రంగానే ఉంటాయి అన్నాను.

"నీకేం తెలుసు, లేబుళ్ళు అంటించేదానివి," అని విసురుగా అని, ముందు సీట్లో ఊగుతున్న పెద్దమ్మ తల వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. చిన్నప్పటినుంచీ రోజూ చూస్తున్నదే. మా అమ్మ కళ్ళల్లో చూడటమే మొదటిసారి.